ముఖప్రసాదము - విభీషణ శరణాగతి

శ్రీమద్రామాయణమును శరణాగతి శాస్త్రమని మన పూర్వాచార్యులు కొనియాడిరి. అందు విభీషణ శరణాగతి ఘట్టము ప్రాణము వంటిది. శ్రీ వేదాంతదేశికులు దీనికొఱకే ‘అభయప్రదానసారము’ను రచించిరి.

విభీషణుడు నలుగురు అనుచరులతో సముద్రపు ఉత్తరతీరమునకు వచ్చి, ఆకాశముననే నిలిచి శరణు వేడెను. సుగ్రీవుడు వధింపుమనెను. అంగదుడు పరీక్షింపవలెననెను. శరభుడు చారుని పంపుమనెను. జాంబవంతుడు, శత్రువు నొద్దనుండి వేళగాని వేళ, చోటుగాని చోట వచ్చినాడు గావున శంకింపవలసినదే యనెను. మైందుడు మెల్లగా ప్రశ్నింపుడనెను. వచ్చినవాని ముఖమును చూచి పలికినవాడు హనుమంతుడొక్కడే. మాటాడునప్పుడు ఇతనియందు దుష్టభావము కానరాలేదు. వదనము ప్రసన్నముగా నున్నది. వంచకుడు ఇట్లు స్వస్థుడై దరిజేరడు. ఎంత దాచినను ఆకారము దాగక లోని భావమును బలిమితో వెలిపుచ్చును. ఇదియే ఆంజనేయస్వామి వాదసారము.

భరతముని నాట్యశాస్త్రమున ముఖరాగమును స్వాభావికము, ప్రసన్నము, రక్తము, శ్యామము అని నాలుగు విధములుగ చెప్పెను. చూపులకే 36 భేదములు చూపెను. నటుడు అభ్యాసముచే వీనిని వశపఱచుకొనునప్పుడు కపటియు అట్లే చేయరాదా యని మా విద్యార్థులు అడుగుచుండెడివారు. మంచి ప్రశ్నయే. అందుకే కాబోలు హనుమంతుడు ముఖము నొక్కదానినే ప్రమాణముగ గొనలేదు. వాలివధను, సుగ్రీవ పట్టాభిషేకమును విని, రాజ్యకాంక్షతో వచ్చియుండునని కారణమును గూడ చెప్పెను.

ఇక శ్రీరాముడన్ననో, మిత్రభావముతో వచ్చినవానియందు దోషమున్నను విడువనని పలికెను. ముఖపరీక్షలో తప్పినవానికిని అచట చోటు కలదు!

ఈ ఘట్టమును తలచినపుడెల్ల నాకొక దినము జ్ఞప్తికి వచ్చును. నేను పాఠశాలలో పాఠము చెప్పుచున్న కాలమున, సంవత్సరము నడుమ ఒక బాలుడు చేరుటకై వచ్చెను. ఇది చేర్చుకొను వేళ కాదని, వ్రాయుచున్న కాగితమునుండి తలయెత్తకయే చెప్పితిని. గడప దాటునపుడు మాత్రము చూచితిని. పెదవి బిగించి, కనులు విప్పార్చి, నీరు జాఱకుండ ఆపుకొనుచుండెను. అప్పటికిని పిలువనైతిని. మఱునాడు తరగతిలో వచ్చిన పాఠము ఈ సర్గమే. జాంబవంతుని మాటయొద్ద గొంతు పెగలలేదు. ఆ సాయంకాలము సత్రములన్నిట వెదకించితిని, బాలుడు కానరాలేదు.