ఊరు చూపించడం

మా అన్నయ్య పిల్లలకి ఫ్రిస్కో చరిత్ర బాగా తెలుసు. టెక్సాస్‌లో, డాలస్‌కి ఉత్తరంగా ఉంటుంది ఆ ఊరు. 2000 జనాభా లెక్కల్లో 34 వేలకి కాస్త తక్కువ, 2020కల్లా 2 లక్షలు దాటింది. ఆ పెరిగినవాళ్ళలో మనవాళ్ళూ బాగానే ఉన్నారు. అయితే పిల్లలు చెప్పేది ఈ పెద్ద ఊరి కథ కాదు. 1902లో రైలు పట్టాలు లెబనాన్ అనే పల్లెని వదిలేసి పడమరగా వెళ్ళిపోయాయి. లెబనాన్ వాళ్ళు కొందరు తమ చెక్క ఇళ్ళనే దుంగల మీద దొర్లించుకుంటూ పట్టాల దగ్గరికి తరలించుకుపోయారట. 1904లో రైల్వే కంపెనీ ముద్దుపేరే ఊరి పేరైంది. నా మేనకోడలికి పదకొండేళ్ళు. ఇళ్ళు ఎలా దొర్లాయో చేతులు తిప్పుతూ చెబుతుంది.

జూన్ మొదట్లో, రసాలు ఇంకా అయిపోకముందు, పిల్లలిద్దరూ చింతలపూడి వచ్చారు. ఊరు చూపించే పని నాది. "మన ఊరు ఎలా మొదలైంది అత్తా?" అని వచ్చిన రోజే అడిగింది.

చింతలపూడికి అలాంటి కథ లేదు. చింతచెట్ల మీద వచ్చిన పేరు అనుకుంటాం, అంతే. మిగిలినవన్నీ కాగితాల సంగతులు. 1925 దాకా కృష్ణా జిల్లా, తర్వాత పశ్చిమ గోదావరి, 2022 ఏప్రిల్ నుంచి ఏలూరు జిల్లా. కూర్చున్న చోటే కూర్చుని మూడు జిల్లాలు మారాం. ఉత్తరంగా కొన్ని మైళ్ళు పోతే 1948 దాకా నిజాం రాజ్యం, ఇప్పుడు తెలంగాణ. (ఇదొక్కటి మా మేనల్లుడికి నచ్చింది, బోర్డర్ చూపించమని రోజూ గొడవ.) గోదావరి జిల్లా అనగానే సినిమాల్లో కనిపించే కాలవలూ కొబ్బరిచెట్లూ మా వైపు ఉండవు. మాది మెట్ట. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ నీళ్ళు డెల్టాకి పారాయి, మెట్టకి ఎక్కలేదు. మాకు ఉన్నది తమ్మిలేరు, లోతు బోర్లు, వాన. అందుకే మామిడి, పొగాకు, ఇప్పుడు పామాయిల్. గోదావరిని పైకి ఎక్కించడానికి మా ఊరి పేరే పెట్టి మొదలెట్టిన ఎత్తిపోతల పథకం ఈ పిల్లలు పుట్టకముందుది. ఇంకా పూర్తి కాలేదు.

చూపించదగ్గది అంటే గుంటుపల్లి. కామవరపుకోట వైపు, కొండని తొలిచి చేసిన బౌద్ధ గుహలు. అందులో గుండ్రటి చైత్యం ఒకటుంది. తల ఎత్తి చూస్తే కప్పుకి వాసాలు కనిపిస్తాయి, కానీ అవి రాయే. చెక్కతో కప్పు వేసే పద్ధతిని చూసి, ఆ వాసాల్ని అలాగే రాతిలో దించేశారు. మధ్యలో స్తూపం. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకి అది ధర్మలింగేశ్వరుడు, శివరాత్రికి జనం వస్తారు. ఒకే రాయి ఇద్దరు దేవుళ్ళకి సరిపోయిందని పిల్లలకి చెప్పాను. బుద్ధుడు దేవుడేనా అని మా మేనల్లుడు అడిగాడు, ఆ చర్చలోకి వెళ్ళలేదు. అక్కడ దొరికిన ఒక శాసనంలో, మహారాజు సిరిసదుడి దగ్గర పనిచేసిన చూళగోముడనే లేఖకుడు మండపం దానమిచ్చిన సంగతి ఉంది. లేఖకుడంటే రాతకోతల మనిషి, మన లెక్కలో గుమాస్తా. దాదాపు రెండువేల ఏళ్ళనాటి గుమాస్తా పేరు మిగిలింది.

"మరి కొండ తొలిచింది ఎవరు?" అంది మేనకోడలు. నాకు తెలిసిన పేర్లు లేవన్నాను.

ఇంతవరకూ బానే ఉంది. ఏ ఊరికి తీసుకెళ్ళినా పిల్లలకి చెప్పే చరిత్ర ఇక్కడిదాకా హాయిగానే ఉంటుంది. అడిగినదానికి జవాబు లేకపోయినా ఎవరికీ ఇబ్బంది లేదు, తొలిచినవాళ్ళు పోయి చాలా కాలమైంది కాబట్టి.

మా మామిడితోట గుత్తకిచ్చాం. తోటలో కాపలా ఉండే కుటుంబంలో మా మేనకోడలి వయసు పిల్ల ఒకతి ఉంది. మూడు రోజుల్లో ఇద్దరూ జంట అయిపోయారు. రసాన్ని కత్తితో కొయ్యకూడదనీ, ముందు మెత్తగా పిసికి, తొడిమ తీసి, మొదట వచ్చే సొన పిండేసి, అప్పుడు పీల్చాలనీ నేర్పింది ఆ పిల్లే. నాలుగో రోజు సాయంత్రం ఇద్దరూ ఇంటికొచ్చారు. ఆ పిల్ల అరుగు దగ్గర ఆగిపోయింది. మా మేనకోడలు చెయ్యి పట్టుకుని లాగినా లోపలికి రాలేదు.

"నానమ్మా, తనెందుకు రాదు?"

"దానికి సిగ్గమ్మా," అంది మా అమ్మ.

ఆ పిల్లకి సిగ్గు లేదు. తోటలో చెట్టెక్కి మా అందరి మీదా కేకలేస్తుంది. లోపలికి రావద్దని మా అమ్మ దానికి ఎప్పుడూ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరం రాలేదు. ఎక్కడ ఆగాలో ఆ పిల్లకి వాళ్ళమ్మ చెప్పి ఉంటుంది, ఆమెకి వాళ్ళమ్మ. సిగ్గు కాదనీ, పేటవాళ్ళని మన ఇళ్ళు చాలా కాలంగా గుమ్మం బయటే ఉంచాయనీ, అది తప్పనీ మా మేనకోడలికి అప్పుడే చెప్పాను.

ఆ రాత్రి అమ్మ నాతో, "పసివాళ్ళకెందుకే ఇవన్నీ? వచ్చేదే రెండు వారాలు. ముందు ఊరంటే ఇష్టం పుట్టనీ," అంది. ఈ మాటని తేలిగ్గా కొట్టిపారెయ్యలేను. ప్రేమ లేనిచోట వినిపించే నిజం వట్టి చాడీలా మిగిలిపోతుంది. ఇక్కడ పెరిగే పిల్లలకి ఊరి చెడ్డతో పాటు ఊరి చెరువూ, తిరునాళ్ళూ, స్నేహాలూ ఉంటాయి. రెండు వారాలకి వచ్చిన పిల్లకి అవేవీ లేకుండా ఒక్క కులం సంగతే చేతికిస్తే, ఫ్రిస్కోకి అదొక్కటే పట్టుకుపోతుంది.

కానీ అమ్మ చెప్పింది మౌనం కాదు, ఒక జవాబు. అరుగు దగ్గర ఆగడానికి కారణం ఆగిన పిల్లలోనే ఉందని చెప్పే జవాబు. అదీ చరిత్ర చెప్పడమే, తప్పుగా చెప్పడం. పిల్ల అడిగాక ఇంకేమీ చెప్పకుండా తప్పుకునే దారి లేదని నాకనిపిస్తుంది. మనం చెప్పకపోతే తనంతట తనే ఒక కారణం ఊహించుకుంటుంది, పిల్లలు ఊహించే కారణాలు తరచుగా బలహీనుల మీదే పడతాయి.

టెక్సాస్‌లో 2021లో ఒక చట్టం తెచ్చారు. తన జాతి కారణంగా ఎవరైనా ఇబ్బందీ అపరాధభావమూ పడాలి అనే భావనని బడి పాఠాల్లోకి రానివ్వకూడదని అప్పట్లో అందులో ఉండేది. చదివి మన ఇళ్ళే గుర్తొచ్చాయి. మనకి అలాంటి చట్టం అక్కర్లేదు, నానమ్మలున్నారు. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షని నిషేధించినప్పుడు కూడా, మనవాళ్ళని ప్రత్యేకంగా వేలెత్తి చూపినట్టవుతుందని వ్యతిరేకించినవాళ్ళున్నారు. ఇబ్బంది పడేది పిల్లలని అంటాం. మా మేనకోడలు నా మాట విని ఇబ్బంది పడలేదు. "అయితే మనం పిలిస్తే వస్తుందా?" అంది. అపరాధభావం దానిది కాదు, మాది.

ఆ ప్రశ్నకి జవాబు నా దగ్గర పూర్తిగా లేదు. మేం పిలిస్తే ఆ పిల్ల వచ్చినా, వాళ్ళ నాన్న దాన్ని తిడతాడేమో. తోట మాది, కాపలా పని ఆయనది. మా మంచితనానికి అయ్యే ఖర్చు వాళ్ళమీద పడకూడదు. ఇది కూడా మేనకోడలికి చెప్పాను. పిలవడం ఒక్కటే సరిపోదని విని కాస్త నిరుత్సాహపడింది.

ఒక కొలత మాత్రం పెట్టుకున్నాను. ఊరి గురించి ఏ కథ చెప్పినా, ఆ కాపలా ఇంటి పిల్ల పక్కనే కూర్చుని వింటున్నట్టు చెప్పాలి. తను తల దించుకోవాల్సి వచ్చినా, "మావాళ్ళేరి?" అని అడగలేక ఊరుకోవాల్సి వచ్చినా, ఆ కథలో ఏదో లోపం ఉన్నట్టు. ఈ కొలతతో చూస్తే మెట్టకి నీళ్ళు రాకపోవడం అందరి కథే, కానీ బోరు వేయించగలిగిందెవరు అన్నది అందరిదీ కాదు. 2009 ఎన్నికల నుంచి చింతలపూడి ఎస్సీలకి రిజర్వ్ అయిన నియోజకవర్గం అన్నదీ ఊరి చరిత్రే. మా ఇంట్లో దాన్ని రాజకీయం కింద వేసి పక్కన పెడతారు. లెబనాన్ ఇళ్ళు దొర్లిన కథలో కూడా, అంతకుముందు ఆ నేల మీద తిరిగిన కాడో, కమాంచీ ప్రజలు ఏమయ్యారన్న ప్రశ్న ఉంది. అది మా మేనకోడలు తన ఊళ్ళో అడుక్కోవాలి, నేను అడగడం కంటే తను అడిగితేనే మర్యాద.

మర్నాడు పొద్దున అమ్మ నాతో మాట్లాడలేదు. మధ్యాహ్నం మాత్రం మనవరాల్ని వెంటబెట్టుకుని పెరట్లో పాత నూతి దగ్గరికెళ్ళింది. తను కాపరానికొచ్చిన కొత్తలో అక్కడ ఎవరు తోడుకునేవాళ్ళో, ఎవరు దూరంగా బిందె పెట్టుకుని, ఎవరైనా వచ్చి పోసేదాకా నిలబడేవాళ్ళో చెప్పింది. ఒకరిద్దరి పేర్లు కూడా చెప్పింది. నేను అడగలేదు. సిగ్గు అన్న మాటని మాత్రం వెనక్కి తీసుకోలేదు.