ఎరువు సొమ్ము

ఎరువు సొమ్ము బరువుచేటు అన్నారు పెద్దలు. ముప్ఫయ్యేళ్లుగా బ్యాంకులో అప్పుల కాగితాలు చూస్తున్నవాణ్ణి గనుక ఈ సామెత నాకు తరచు గుర్తుకొస్తుంటుంది. మొన్న మా అమ్మాయి న్యూయార్క్ ‘మెట్ గాలా’ ఫొటోలు రెండు నా ముందు పెట్టి, “నాన్నా, వీటిలో ఏది బాగుంది?” అని అడిగినప్పుడూ అదే గుర్తుకొచ్చింది.

అక్కడి మెట్రోపాలిటన్ మ్యూజియంలో వస్త్రవిభాగం కోసం నిధులు కూడబెట్టే విందు అది. సాధారణంగా మే నెల మొదటి సోమవారం జరుగుతుంది. ఏటా ఒక ఇతివృత్తం ప్రకటిస్తారు. తారలు దానికి తగినట్టు ముస్తాబై, పరిచిన తివాచీ మీదుగా మెట్లెక్కుతారు.

మొదటి ఫొటో 2018 నాటిది. ఆ ఏడాది ఇతివృత్తం కేథలిక్ మతభావన. గాయని అరియానా గ్రాండే తొడుక్కున్న గౌను వెరా వాంగ్ రూపొందించినది. దాని నిండా మైకెలాంజిలో ‘చివరి తీర్పు’ చిత్రం అచ్చువేసి ఉంది. రెండోది 2019 నాటిది. నటి జెండాయా సిండ్రెల్లాగా వచ్చింది. పక్కనున్న అలంకర్త లా రోచ్ మంత్రదండం ఊపగానే ఆమె నీలి గౌనులో దీపాలు వెలిగాయి. పైకెక్కుతూ ఆమె ఒక జోడు మెట్ల మీదే వదిలేసింది.

నేను వాణిజ్యశాస్త్రం చదివినవాణ్ణి. అందం గురించి చెప్పే అర్హత నాకు లేదు. అయితే ఈ రెండూ ఎరువు తెచ్చుకున్న సొమ్ములే. ఒకటి చిత్రకారుడి దగ్గర, రెండోది కథ దగ్గర. ఎరువు తెచ్చుకున్నవారు తిరిగి ఏమివ్వాలి అన్నదే నా ప్రశ్న.

‘చివరి తీర్పు’ను మైకెలాంజిలో 1536 నుంచి 1541 వరకు రోములోని సిస్టీన్ ప్రార్థనాలయపు గోడ మీద వేశాడు. అందులో మూడువందలకు పైగా మనుషులు తమ తమ లెక్కలు అప్పగించడానికి నిలబడి ఉంటారు. బర్తొలొమయ అనే సాధువు చేతిలో వొలిచిన చర్మం ఒకటి వేలాడుతుంటుంది. దాని మీది ముఖం చిత్రకారుడిదేనని చాలామంది పండితుల అభిప్రాయం. అంత గొప్పవాడు తనను తాను లోపల మనిషి లేని ఖాళీ వస్త్రంలా చూసుకున్నాడన్నమాట. చూసేవాడు తన లెక్క తాను తలచుకొని జంకాలని వేసిన బొమ్మ అది. గౌను మీదికి వచ్చేసరికి మనం లెక్క మరిచిపోయి, తొడుక్కున్న పిల్ల ఎంత ముచ్చటగా ఉందో చూస్తున్నాం.

సిండ్రెల్లా సంగతి వేరు. 1697లో ఫ్రెంచి రచయిత పెరో చెప్పిన కథలో ఆ పిల్ల బట్టలు అర్ధరాత్రి దాకా మాత్రమే ఆమెవి. గంట కొట్టగానే మళ్లీ పాత గుడ్డలే. ఇలాంటి వేడుకల్లో తారలు వేసుకునే దుస్తులు కూడా చాలావరకు ఎరువువేనట, మర్నాడు తిరిగిచ్చేయాలట. మెట్ల మీద వదిలిన ఆ జోడు, “ఇది నాది కాదు” అని నవ్వుతూ ఒప్పుకున్నట్టు అనిపించింది. నా ఓటు దానికే వేశాను.

“గౌను మీద అచ్చేసినంత మాత్రాన గోడ మీది బొమ్మకు ఏం తగ్గింది నాన్నా? దాన్ని చూసి ఎందరు పిల్లలు ఆ బొమ్మ పేరు తెలుసుకున్నారో!” అంది మా అమ్మాయి. న్యాయమైన మాటే. ఇచ్చినవాడికి నష్టం లేనప్పుడు అప్పు ఎక్కడిది?

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. 1993లో నా బ్యాంకు ఇంటర్వ్యూకి మా సోలాపూర్ పద్మశాలి వాడలో పక్కింటి మిత్రుడు తన పెళ్లికి కుట్టించుకున్న తెల్లచొక్కా ఇచ్చాడు. ఇంటర్వ్యూ చేసిన పెద్దాయన నా శుభ్రతను మెచ్చుకున్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను. చొక్కా ఉతికి, ఇస్త్రీ చేయించి తిరిగిచ్చాను. అతడికి నష్టమేమీ లేదు. ఆ తరువాత అతడు మగ్గం దగ్గర, నేను బల్ల దగ్గర. నాకు ప్రమోషన్ వచ్చినప్పుడు మన తెలుగువాళ్లే సన్మానం చేశారు. స్వయంకృషితో పైకొచ్చానని ఆ సభలో చెప్పుకున్నాను. వెనక వరుసలో కూర్చుని అతడు చప్పట్లు కొట్టాడు.

వస్తువు తిరిగిచ్చినంత మాత్రాన ఎరువు తీరదు. ఎవరిదో చెప్పాలి. ఆ గాయనిని తప్పుపట్టబోయాను గానీ, ఆమె గౌను ఎవరి బొమ్మో లోకమంతటికీ తెలుసు. నా చొక్కా ఎవరిదో మా అమ్మాయికి కూడా తెలియదు.

పొద్దున్నే ఆమెకు చెప్పాను. ఈ ఆదివారం ఇద్దరం అతడింటికి వెళుతున్నాం. ఇక్కడ ఈ నాలుగు ముక్కలు రాయడం అసలు చెల్లించడం కాదు, ఒక వాయిదా కట్టడం మాత్రమే.