నీ చేతులు చూచుకొనుము

హైదరాబాదునుండి శ్రీశైలమునకు పోవు బాటలో, నల్లమల అడవి మొదలగు చోట మన్ననూర్ అను ఊరున్నది. అక్కడ అటవీశాఖవారి గేటు కలదు. రాత్రివేళ దానిని మూసివేయుదురు. ఆలస్యముగా వచ్చినవాడు ఎంతటివాడైనను తెల్లవారువరకు ఈవలనే నిలువవలెను.

ఒకసారి నేనును నా తమ్ముడును దోమలపెంటలోనున్న మా చెల్లెలి ఇంటికి పోవుచు, ఆ గేటు మూసిన తరువాత మన్ననూరు చేరితిమి. చేయునదిలేక జీపులోనే కూర్చుంటిమి. నా తమ్ముడు కొన్నాళ్ల క్రిందటనే మా ఊరి సర్పంచి ఎన్నికలో 11 ఓట్ల తేడాతో ఓడిపోయి యుండెను. నేను ముప్పది ఏండ్లుగా ఈ ప్రాంతపు కోర్టులలో వకీలు వృత్తి చేయుచున్నవాడను. చీకటిలో అతడు మాట ఎత్తెను.

"అన్నా, పదకొండు ఓట్లే! వాడు ఇంటింటికి పైసలు పంచిండు. సాక్షులున్నరు. కేసు నువ్వే వెయ్యాలె."

ఆ ఫిర్యాదు అబద్ధము కాదని నాకు తెలియును. అయినను అడిగితిని: "తమ్మీ, మరి నువ్వు పంచలేదా?"

కొంతసేపు అతడు పలుకలేదు. "అందరూ పంచిన్రు, నేనూ పంచిన. గని వానంత పంచలే" అనెను.

చదువరీ, నేను మీ యెదుట పెట్టు ప్రశ్న ఇదే. తానును చేసిన తప్పునే ఎదుటివాని మీద మోపి, న్యాయస్థానమునకు పోవుటకు మనుష్యునికి హక్కు కలదా?

చట్టము చేతగానిదని కొందరందురు. అది నిజము కాదు. 1967లో తాండూరునుండి శాసనసభకు గెలిచిన మర్రి చెన్నారెడ్డిగారి ఎన్నికపై వందేమాతరం రామచంద్రరావుగారు పిటిషను వేసిరి. గెలిచినవారు సామాన్యులు కారు, కేంద్రమంత్రి అయిరి. అయినను 1968లో హైకోర్టు ఆ ఎన్నికను రద్దుచేసెను. ఆరేండ్ల అనర్హత కలిగెను, మంత్రి పదవియు పోయెను. ఆయన మరల లేచి 1978లో ముఖ్యమంత్రి అయిన సంగతి వేరు. ఓడినవాడు వేసిన కాగితము ఒక మంత్రిని కుర్చీనుండి దింపగలదని మన రాష్ట్రము కన్నులార చూచెను.

అయితే చట్టము మెల్లగా నడచును. 2018 డిసెంబరులో జరిగిన గద్వాల శాసనసభ ఎన్నికలో, గెలిచిన అభ్యర్థి ఆస్తుల వివరములు దాచెనని ఫిర్యాదు వచ్చెను. ఆ ఎన్నిక చెల్లదని హైకోర్టు 2023 ఆగస్టు 24న తీర్పు చెప్పెను. మరునెలలోనే సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపివేసెను. ఇంతలో అయిదేండ్ల గడువే తీరవచ్చెను. పంట కోసిన పిమ్మట పొలమునకు కంచె వేసినట్లే గదా!

కొద్ది ఓట్లతో ఓడుట మాత్రమే అన్యాయము కాదని కూడ ఎరుగవలెను. 1989లో కల్వకుర్తిలో నందమూరి తారక రామారావుగారంతటివారే ఓడిపోయిరి. అదే కల్వకుర్తిలో 2014లో ఒక అభ్యర్థి 78 ఓట్ల తేడాతో గెలిచెను. ఒక్క ఓటు ఎక్కువైనను గెలుపు గెలుపే. ఓటమి వలన కలిగిన నొప్పిని అన్యాయమని పిలుచుట సులభము. నా వద్దకు వచ్చిన కక్షిదారులలో అనేకులు ఈ రెంటిని కలిపివేసినవారే.

ఇప్పుడు నా తమ్ముని సంగతికి వత్తును. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టములో ఒక చక్కని ఏర్పాటు కలదు. శాసనసభకో పార్లమెంటుకో పోటీచేసి ఓడినవాడు ఫలితము వెలువడిన 45 దినములలో పిటిషను వేయవచ్చును. అతడు రెండు విధములుగా అడుగవచ్చును. "ఈ ఎన్నిక చెల్లదని చెప్పుడు" అని మాత్రమే అడుగుట ఒకటి. "ఆ కుర్చీ నాకే ఇయ్యుడు" అని కూడ అడుగుట రెండవది. కుర్చీ అడిగినవాని మీద మాత్రము, గెలిచినవాడు తిరిగి ఆరోపణ తేవచ్చును. "ఇతడే గెలిచియుంటే ఇతని ఎన్నికయు చెల్లకపోయెడిది" అని సాక్ష్యము చూపవచ్చును. ఇది 97వ సెక్షను. పంచాయతీ తగవుల పద్ధతి వేరు. అవి ఆ ప్రాంతపు సివిల్ జడ్జి ఎదుటకు వచ్చును. అయినను ఈ సెక్షనులోని నీతి అందరిది. తప్పును బయటపెట్టుమని చట్టము ఎవనినైనను పిలుచును. దానివలన లాభము కోరువానిని మాత్రము, ముందు నీ చేతులు చూపుమనును.

"చేతులకు మట్టి అంటినవారందరు ఊరకుంటే గెలిచిన దొంగను పట్టువాడెవడు?" అని మీరు అడుగవచ్చును. మంచి ప్రశ్న. తప్పు చేసినవాడు పలికినంతమాత్రమున నిజము అబద్ధము కాదు. కాబట్టి అతడు నోరు మూసుకొనవలెనని నేననను. పలికినప్పుడు సగము పలుకరాదని మాత్రమే అందును. ఎదుటివాని తప్పు చెప్పి తనది దాచిన సాక్ష్యము తూనికలో ఒక తట్టనే చూపిన వ్యాపారివంటిది.

అందుచేత నా తమ్మునితో ఇట్లంటిని: "కేసు వెయ్యి, తమ్మీ. గని నువ్వు పంచినది కూడ కాగితం మీద రాయి. ఎన్నిక రద్దు చెయ్యమని అడుగు. కుర్చీ నాకియ్యమని అడుగకు."

అతడు నవ్వెను. ఆ నవ్వు నాకు నేటికిని గుర్తున్నది. "సరే రాస్త. మరి ఆ పైసలు యాడియని జడ్జి అడిగితే ఏం చెప్పాలె? నువ్వు ఇచ్చినయే గదన్నా!"

నేను మాటలేక యుంటిని. పోలింగునకు రెండు వారముల ముందు అతడు నా ఇంటికి వచ్చి సొమ్ము అడిగెను. ఎందుకని నేను అడుగలేదు. అడిగితే జవాబు చెప్పునని ఎరుగుదును గనుకనే అడుగలేదు. తమ్ముడు గదా అని ఇచ్చితిని. న్యాయము తెలిసినవాడను, చేయి చాచి ఇచ్చి కన్ను మూసుకొంటిని. తాను సాక్షి కావలసివచ్చు కేసును వకీలు చేపట్టరాదని మా వృత్తి నియమము. ఆ రాత్రి నేను వకీలును కాను, సాక్షిని. ఇంకను నిజము చెప్పవలెనంటే, ముద్దాయిలలో ఒకడను.

తెల్లవారి గేటు తెరచిరి. మేము మాటలాడకయే దోమలపెంట చేరితిమి. అతడు కేసు వేయలేదు. చాలకాలము నాతో మాటలాడలేదు కూడ. మా అమ్మ ఇద్దరి ఇండ్లకు తిరిగి తిరిగి అలసిపోయెను. మా మధ్య మరల మాట కలిసినది, అతని పైసలు తప్పని నేను చెప్పినందుచేత కాదు, నా పైసలు తప్పని అతని భార్యా బిడ్డల ఎదుట నేను ఒప్పుకొనినందుచేతనే.

పదవి కొరకు ఇంతగా పెనగులాడు మనము, మన నేలలోనే పుట్టిన మరియొక వకీలును తలచుకొనుట మంచిది. కల్వకుర్తి తాలూకా పడకల్లులో 1899లో జన్మించిన బూర్గుల రామకృష్ణారావుగారు 1952లో హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రి అయిరి. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడుటకు, అనగా తాము ఏలుచున్న రాష్ట్రమే లేకపోవుటకు, ఆయన సమ్మతించిరి. ఆ విలీనము మేలా కీడా అని నేటికిని వాదించువారున్నారు. నేను ఆ వాదములోనికి పోను. కుర్చీ దిగినవాడు చిన్నవాడు కాలేదని మాత్రము చెప్పుదును.

చివరగా మీ మాట. ఓటునకు సొమ్ము ఇచ్చుట ఎట్లు తప్పో, పుచ్చుకొనుటయు అట్లే తప్పని చట్టము చెప్పుచున్నది. మతము పేర, కులము పేర ఓటు అడుగుటయు అవినీతియే. "మన సంఘమువాడు, మనవాడు" అని అభ్యర్థి మీ గడపకు వచ్చినప్పుడు ఈ మాట తలచుకొనుడు. ఎన్నికకు ముందురాత్రి మీ చేతిలో నోటు పెట్టబడినప్పుడు దీపము ఆర్పియుండవచ్చును, ఇచ్చినవాని ముఖము మీకు కనబడకపోవచ్చును. పుచ్చుకొనిన చేయి మాత్రము మీదే గదా!

సర్పంచి చెడిపోయెనని, నాయకులు చెడిపోయిరని రచ్చకట్టమీద మనము ఎంతో మాటలాడుదుము. ఆ మాట నిజమే కావచ్చును. అయితే వ్రేలు చూపుటకు ముందు, ప్రియ చదువరీ, ఒక్క క్షణము ఆగి ఆ చేతినే చూచుకొనుము. నేను మన్ననూరు గేటునొద్ద ఆలస్యముగా చూచుకొంటిని. నీవు ముందుగానే చూచుకొనుము.