ధర్మసంకటం – ప్రత్యామ్నాయం: కోనసీమ దళిత క్రైస్తవ జీవితం ఆధారంగా ఒక నైతిక పరిశీలన

‘ధర్మసంకటం’ అనే మాటను మనం రెండు భిన్న స్థితులకు వాడుతున్నాం. ఏ దారిన నడిచినా ఏదో ఒక ధర్మం భంగపడక తప్పని స్థితి మొదటిది. మూడో దారి మరుగున పడిన, లేదా ఇతరులు దాన్ని మూసివేసిన స్థితి రెండోది. క్రైస్తవ నీతిచింతనలో ఈ భేదం కీలకమైనది. అబద్ధం ఏ పరిస్థితిలోనూ తగదని అగస్టీన్ వాదించాడు. ప్రాణరక్షణ వంటి పెద్ద ధర్మం ఎదుట సత్యవచన నియమం వెనక్కు తగ్గుతుందని మరికొందరు అన్నారు. శోధనతోపాటు తప్పించుకొనే మార్గమూ ఉంటుందన్న పౌలు బోధను ఆధారం చేసుకొన్నవారు ప్రత్యామ్నాయాన్వేషణే తొలి కర్తవ్యమన్నారు. ఈ మూడో వాదాన్ని కోనసీమ దళిత క్రైస్తవుల స్థితితో పరీక్షించడం ఈ వ్యాసోద్దేశం.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ హోదా లభించింది, క్రైస్తవులకు లభించలేదు. ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవం స్వీకరించిన షెడ్యూల్డు కులాలవారు బి.సి.-సి వర్గంలోకి వస్తారు. ఆ వర్గానికి రిజర్వేషన్ 1 శాతం. అమలాపురం లోక్‌సభ స్థానం, అమలాపురం, రాజోలు, పి.గన్నవరం శాసనసభ స్థానాలు షెడ్యూల్డు కులాలకు కేటాయించినవి. కనుక ఇక్కడ కులధ్రువీకరణ పత్రంలోని ఒక్క పంక్తి చదువును, కొలువును, రాజకీయ భాగస్వామ్యాన్ని నిర్ణయిస్తుంది. విశ్వాసాన్ని ప్రకటిస్తే బిడ్డల అవకాశం కుంచించుకుపోతుంది. దాచితే సత్యం దెబ్బతింటుంది. మతం మారితే అంటరానితనం తొలగిపోతుందన్న ఊహ ఈ సంకటానికి మూలం. ఊరు ఆ ఊహను అంగీకరించదు. వాడ వాడగానే ఉంటుంది.

ప్రత్యామ్నాయానికి తరచుగా చూపే ఉదాహరణ దానియేలు. రాజభోజనాన్ని స్వీకరించలేక, రాజాజ్ఞను బాహాటంగా ధిక్కరించకుండా, అతడు పది రోజుల శాకాహార పరీక్షను ప్రతిపాదించాడు. ఇందులో అతని వివేకాన్నే మనం మెచ్చుకొంటాం. కాని అనుమతించే అధికారం గల పర్యవేక్షకుడొకడు అక్కడ ఉన్నాడు. ఆ అనుమతిలోని ప్రమాదాన్ని అతడూ పంచుకొన్నాడు. అంటే మూడో దారి కేవలం వ్యక్తి బుద్ధిబలంతో తెరుచుకోదు.

అపొస్తలుల కార్యాల గ్రంథం ఈ విషయాన్ని మరింత స్పష్టపరుస్తుంది. అననీయ, సప్పీరాల అబద్ధాన్ని తీవ్రంగా ఖండించిన సంఘం, అంతకుముందే తన ఆస్తిని సమష్టిగా పంచుకొన్న సంఘం. పైగా ఆ దంపతులపై ఏ నిర్బంధమూ లేదు; పొలం, దాని వెల వారి అధీనంలోనే ఉన్నాయి. నిర్గమకాండంలోని మంత్రసానులు ఫరో ఎదుట నిజం దాచింది ప్రాణాపాయపు నీడలో. వారిని గ్రంథం నిందించలేదు. సత్యాన్ని కోరే హక్కు, సత్యానికయ్యే ఖర్చును భరించడానికి సిద్ధపడినవారికే దక్కుతుందని ఈ రెండు కథలను పక్కపక్కన చదివితే బోధపడుతుంది.

ఈ దృష్టితో చూస్తే కోనసీమ సమస్యలో ప్రత్యామ్నాయాన్వేషణ ముందుగా బలవంతుల బాధ్యత. విశ్వాసాన్ని బహిరంగంగా చెప్పినవారి పిల్లల చదువు భారాన్ని సంఘం మోయాలి. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ చేసిన సిఫారసు, 2023 మార్చిలో రాష్ట్ర శాసనసభ చేసిన తీర్మానం చట్టసవరణ దారిని చూపాయి. తలుపు తీయవలసింది కేంద్రం.

జాషువ ‘గబ్బిలం’లో గుడిలోకి రానివ్వని మనిషి, గుడిలో నిరాటంకంగా వేలాడే జీవితో శివునికి సందేశం పంపాడు. మూసిన తలుపును అంగీకరించకుండా మాట్లాడే దారిని కవి కనుగొన్నాడు. అయితే గబ్బిలం చేరినంత మాత్రాన మనిషికి ప్రవేశం దొరకలేదు. పత్రంపై మతాన్ని దాచిన మాట దాచినదే. దానికి సత్యమని పేరు పెట్టలేం. కాని దాచవలసిన స్థితిని కల్పించి, ఆ భారాన్ని పంచుకోని వ్యవస్థకు ఆ వ్యక్తిని ముందుగా దోషిగా నిలబెట్టే నైతికార్హత లేదు.