తెలియని దారి చెప్పవచ్చా?

వేలూరు బస్టాండులో దిగి సి.ఎం.సి. ఆసుపత్రికి దారి అడిగేవాళ్లు రోజూ ఎందరో. చిత్తూరు వైపు నుంచి వస్తారు, ఎక్కడో బెంగాల్ నుంచీ వస్తారు. దారి సరిగా తెలియకపోయినా "అటు పొండి" అని చెయ్యి చూపించేవాళ్లు మనలో ఉన్నారు. తెలియదంటే చిన్నతనం అనుకుంటారు. చెడ్డ ఉద్దేశం లేదు కదా, అది తప్పెట్లా అవుతుందని మా తరగతిలో వాదన వచ్చింది. నేను తప్పే అంటాను. ఎందుకో చెప్పాలంటే విమానాల సంగతి ఎత్తుకోవాలి.

1932 అక్టోబరులో జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి బొంబాయికి విమానంలో టపా తెచ్చారు. అక్కడి నుంచి నెవిల్ విన్సెంట్ బళ్లారి మీదుగా మద్రాసుకు తెచ్చాడు. ఆ చిన్న విమానంలో రేడియో లేదు. కింద కనిపించే నేలే గుర్తు. మరి మబ్బు కమ్మితే? అందుకే తర్వాత రేడియో బీకన్లు వచ్చాయి. ఉపగ్రహాలు రాకముందు చాలా ఏళ్లు పైలట్లు వాటినే నమ్ముకున్నారు. నేల మీది బీకన్ అన్ని వైపులకూ సంకేతం పంపుతుంది, విమానంలోని ముల్లు అటు తిరుగుతుంది. బీకన్ తన పేరును కూడా మోర్స్ చుక్కలు, గీతలతో చెబుతూనే ఉంటుంది.

నాకు బాగా నచ్చిన సంగతి ఇది. బీకన్‌ను మరమ్మతు చేసేటప్పుడు ఆ పేరును ఆపేస్తారు. పేరు వినపడకపోతే ముల్లును నమ్మకూడదని పైలట్లకు నేర్పుతారు. తప్పు వైపు చూపేటప్పుడు కూడా ముల్లు ధీమాగానే నిలబడుతుంది మరి!

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్‌వాళ్లు జర్మన్ బీకన్ల సంకేతాన్ని పట్టి, ఇంగ్లండు నుంచి మళ్లీ పంపారు. జర్మన్ పైలట్లు దారి తప్పారు. ఫ్రాన్సు అనుకుని ఇంగ్లండులో దిగినవాళ్లూ ఉన్నారు. ఊళ్ల మీద బాంబులు వెయ్యడానికి వచ్చిన విమానాలవి, కాబట్టి ఆ మోసాన్ని నేను తప్పు పట్టలేను. కానీ రోగిని పట్టుకుని బస్టాండులో నిలబడ్డ మనిషి మనకేం శత్రువు?

"తెలియదంటే పాపం నిరాశ పడతారు కదా" అని ఒక స్నేహితురాలు అడిగింది. పడతారు. కానీ ఇంకొకరిని అడుగుతారు. తప్పు దారి చెబితే అడగడమే మానేసి నడుస్తారు, అదీ అసలు నష్టం. గుడియాత్తంలో రైల్వే స్టేషన్ ఊరికి దూరం. చీకటిపడే వేళ పెట్టె మోసుకుని తప్పు వైపు పోయినవాడికి బండి దొరకదు. అక్కడ పూలమ్మే ఒక అవ్వ మాత్రం, ఎవరేం అడిగినా తెలిస్తే చెబుతుంది. లేకుంటే "నాకు తెలీదు నాయనా, ఆ అంగడాయన్ని అడుగు" అనేస్తుంది.