కథానాయకుడెవడు?



నవలలో ఒకడు కోపిష్ఠి. ఇల్లు విడిచి పోవును, చట్టమును మీరును, పెద్దల మాట పెడచెవిని బెట్టును. లోలోపల కుమిలిపోవుచుండును. అయినను చదువరి మనస్సు అతని వెంటనే నడచును. అట్టివానిని కథానాయకుడని పిలువవచ్చునా?

ఇది పండితులకు విడిచిపెట్టదగిన ప్రశ్న కాదు. మన పల్లెలనుండి హైదరాబాదునకు పోయి, గడ్డిఅన్నారము, దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతములలో గదులు అద్దెకు తీసికొని, పోటీ పరీక్షలకు చదువుకొను పిల్లలు అనేకులు. వారి చేతులలో పాఠ్యగ్రంథములతోపాటు నవలలును ఉండును. పండుగకు ఇంటికి వచ్చినప్పుడు చదివినదానిని గూర్చి మాటలాడుదురు. "వాడు దొంగ, వాని కథ మనకెందుకురా?" అని తండ్రి అనును. "నాన్నా, ఆ కథలో మనిషంటే వాడొక్కడే" అని కుమారుడు అనును. అన్నము చల్లారిపోవును గాని వాదము చల్లారదు. కాబట్టి ఈ నెల దీనిని మనమందరము కలిసి ఆలోచింతము.

ఈ వాదమునకు తగిన పుస్తకము మన తెలుగులోనే యున్నది. అది ఉన్నవ లక్ష్మీనారాయణగారి "మాలపల్లి". ఆయన గుంటూరు సీమవారు, న్యాయవాది, స్త్రీవిద్యకై గుంటూరులో శారదానికేతనమును నెలకొల్పినవారు. స్వాతంత్ర్యోద్యమములో చెరపట్టబడి, రాయవేలూరు చెరసాలలో నుండగా ఈ నవలను వ్రాసిరి. 1922లో అది అచ్చుపడెను. 1923లో మద్రాసు ప్రభుత్వము దానిని నిషేధించెను. కొన్ని మార్పులతో 1928లో అనుమతి దొరకెను. 1936లో మరల నిషేధము వచ్చెను. 1937లో కాంగ్రెసు మంత్రివర్గము ఏర్పడిన తరువాతనే ఆ సంకెల తీరెను. ఒక కథకు ప్రభుత్వము ఇంతగా భయపడెనంటే, అందులోని మనుష్యులు కాగితపు బొమ్మలు కారని మనము గ్రహింపవలెను.

కథ మంగళాపురమను పల్లెలోనిది. ఊరికి వెలిగా ఉంచబడిన పేటలో రామదాసు అను భక్తుడు, అతని భార్య మహాలక్ష్మి కాపురముందురు. వారికి వెంకటదాసు, సంగదాసు అను కుమారులును, జ్యోతి అను కుమార్తెయు కలరు. సంగదాసు చౌదరయ్య అను భూస్వామియొద్ద పాలేరు. మృదుస్వభావము గలవాడు. కూలివారికి న్యాయమైన కూలి ఇవ్వవలెనని అడుగును గాని ఎవనిమీదను చేయి ఎత్తడు. యజమాని కుమారుడైన రామానాయుడే అతనికి స్నేహితుడు. అట్టి సంగదాసు చౌదరయ్య కొట్టిన దెబ్బకు ప్రాణము విడుచును.

అప్పుడు అన్న యేమి చేయవలెను? వెంకటదాసు ఊరు విడిచెను, తనవంటివారిని కూడగట్టెను. తక్కెళ్ల జగ్గడను మారుపేరుతో కలవారి ఇండ్లను కొల్లగొట్టి లేనివారికి పంచిపెట్టెను. తుదకు పట్టుబడి, చెరసాలలోనే ప్రాణము విడిచెను. మన తండ్రికొడుకుల వాదము ఇతనిని గూర్చినదే.

తండ్రియు కుమారుడును "నాయకుడు" అను మాటకు ఒకే అర్థమున్నదనుకొని వాదించుచున్నారు. అందుకే వాదము తెగుటలేదు. నాయకుడనగా నడిపించువాడు. అయితే కథానాయకుడు నడిపించునది కథను, లోకములోని నాయకుడు నడిపించునది మనలను. మొదటివానిని మనము కనిపెట్టి చూచెదము, రెండవవాని అడుగులో అడుగు వేసెదము. ఈ రెండు పనులకు తెలుగులో ఒకే మాట దొరకుటచేత చిక్కు వచ్చినది.

మన ప్రాచీన ఆలంకారికులకు ఈ సంగతి తెలియకపోలేదు. వారు నాయకులను నాలుగు తెగలుగా విభజించిరి: ధీరోదాత్తుడు, ధీరోద్ధతుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు. వీరిలో ధీరోద్ధతుడు గర్వము, కోపము, తొందరపాటు గలవాడు. భీమసేనుని ఆ తెగవానిగా చూపుదురు. అనగా, కోపిష్ఠి యైనంతమాత్రమున కథానాయకుడు కాకపోడని వారు ఏనాడో ఒప్పుకొనిరి. కాని ఆ నాలుగు పేర్లలోను ముందున్న మాట "ధీర" అనునదే. కోపమున్నను లేకున్నను, కష్టము వచ్చినప్పుడు నిలువబడు గుండె ఉండవలెనని వారి భావము.

చప్పట్లు కొట్టుట వేరు, వెంబడించుట వేరు. 1977లో వచ్చిన "దానవీరశూర కర్ణ" చిత్రములో దుర్యోధనుని సంభాషణలకు తెలుగు దేశమంతయు చప్పట్లు కొట్టెను, నేటికిని వల్లెవేయుచున్నది. అంతమాత్రమున దాయాదుల భాగమును అపహరించుట ధర్మమని ఎవరైన అనుకొనిరా? మనుష్యుని హృదయమునకు ఒకనిని ప్రేమించుచునే అతని పనిని కాదనగల శక్తి యున్నది. పిల్లలను కన్నవారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు.

మన బైబిలులోను ఇట్టివారు లేకపోలేదు. మన పల్లెలలో సమ్సోను అను పేరు ఎంతమందికి లేదు! ఆ సమ్సోను నాజీరుగా ప్రతిష్ఠింపబడినవాడు. అయినను తలిదండ్రుల మాట వినలేదు, తన కన్నులకు ఇష్టమైనదాని వెంట పోయెను, కన్నులు పోగొట్టుకొని గాజా చెరసాలలో తిరుగలి విసరెను. చివరకు శత్రువులతోకూడ తానును కూలిన గోడలక్రింద చచ్చెను. అట్టివాని పేరు హెబ్రీయులకు వ్రాయబడిన పత్రిక 11వ అధ్యాయములో విశ్వాసుల వరుసలో నున్నది. అతని తప్పులు ఎక్కడను కొట్టివేయబడలేదు, అతని పేరును కొట్టివేయబడలేదు. బిడ్డకు సమ్సోను అని పేరుపెట్టు తల్లి, నా కొడుకు గాజాకు పోవలెనని కోరదు. కాబట్టి తప్పులతోకూడ ఒకని కథను నిలుపుకొనుట మనకు క్రొత్త కాదు.

మోషే సంగతియు అట్టిదే. తన జనులలో ఒకనిని కొట్టుచున్న ఐగుప్తీయుని అతడు చంపి ఇసుకలో పాతిపెట్టెను. ఆ కోపమునకు కారణము న్యాయమైనదే. అయినను మరునాడు ఎవడును అతని వెంబడింపలేదు. అతడు మిద్యానునకు పారిపోవలసివచ్చెను. జనమును నడిపించుట ఎన్నో ఏండ్ల తరువాతి మాట. అప్పుడతడు ఎవనిని చాటున చంపలేదు, ఫరో యెదుట నిలిచి బహిరంగముగా అడిగెను.

వెంకటదాసు విషయములో మన మనస్సును కలచునది ఈ చాటే. అతడు తమ్ముని ప్రేమించెను, తన కడుపునకై దోచుకొనలేదు. కాని మొదటి దోపిడితోనే తన పేరును పోగొట్టుకొనెను. భక్తుడైన రామదాసు పెట్టుకొన్న పేరు పోయి, తక్కెళ్ల జగ్గడను పేరు మిగిలెను. తండ్రి పేరుపెట్టి పిలువలేని చోట కొడుకు దాగవలసివచ్చెను. అతడు పంచిన ధనము పేదవాని పొయ్యి కొన్ని దినములు వెలిగించెను, నిజమే. అయితే సంగదాసు అడిగిన కూలి మాట చౌదరయ్య గుమ్మమున అట్లే నిలిచిపోయెను. దాగియున్నవాడు ఆ గుమ్మములో నిలిచి అడుగలేడు గదా.

మంచికొరకు చేయు చెడ్డ మనమనుకొన్నచోట ఆగదు. రష్యా రచయిత దోస్తోయెవ్‌స్కీ 1866లో వెలువరించిన "నేరము-శిక్ష" అను నవలలో రస్కోల్నికోవ్ అను బీద విద్యార్థి యున్నాడు. పట్టణములో చిన్న అద్దె గదిలో ఆకలితో ఆలోచించి ఆలోచించి, వడ్డీలతో జనులను పీడించు ఒక ముసలిదానిని చంపి ఆ ధనముతో పదిమందికి మేలు చేయవచ్చునని లెక్కవేసికొనెను. ఆమెను చంపెను. అంతలో ఆమె చెల్లెలు, ఎవరికిని కీడు చేయని లిజవేత, తలుపు తీసికొని వచ్చెను. ఆమెనుకూడ చంపవలసివచ్చెను. అతని లెక్కలో లిజవేత లేదు. తిరుగుబాటుదారుని మాట వచ్చినప్పుడెల్ల మనము అడుగవలసిన ప్రశ్న ఇది: ఇతని లెక్కలో లేకుండ దెబ్బతిన్నవారెవరు?

గోపీచంద్‌గారి "అసమర్థుని జీవయాత్ర" నవలలోని సీతారామారావునకును ఈ ప్రశ్నయే వేయుదము. అతడును లోకముమీద తిరుగబడినవాడే. తాతతండ్రుల పేరు నిలుపబోయి ఆస్తి పోగొట్టుకొనెను, అందరితోను తర్కించెను, తనతో తాను తర్కించుకొనెను, తుదకు శ్మశానములో అంతమొందెను. మనకు అతనిమీద జాలి కలుగును. కాని అతని తిరుగుబాటునకు వెల చెల్లించినవారెవరు? భార్యయు, పసిబిడ్డయు. వెంకటదాసు కోపము తమ్మునికొరకు పుట్టినది, సీతారామారావు కోపము తనలోనే పుట్టి తన ఇంటినే కాల్చినది. ఇద్దరును కథానాయకులే. అయినను ఇద్దరిని ఒకే త్రాసులో తూచరాదు.

ఇక్కడ చదువుకొన్న కుమారుడు మనలను ఒక గట్టి మాట అడుగవచ్చును. "సంగదాసు శాంతముగా అడిగెను గదా, అతనికి దక్కినదేమి? చావేగదా! కడుపు నిండినవారు ఆకలిగొన్నవారికి ఓర్పు బోధించుట సులభము." ఈ మాటను మనము తోసివేయరాదు. వెంకటదాసు దోపిడిని నిందించి, చౌదరయ్య దెబ్బను గూర్చి నోరు మెదపనివాడు న్యాయము పలుకుటలేదు. తప్పుల పట్టికలో మొదటి పంక్తి చౌదరయ్యది. ఆ దెబ్బ పడకయుండిన యెడల వెంకటదాసు తన పొలము దున్నుకొని, తన పేరుతోనే బ్రతికియుండెడివాడు.

ఆ కుమారునికి మా ప్రత్యుత్తరము ఇది. సంగదాసు చావుతో అతని పని ఆగిపోలేదు. కథలో అతని పేరున సంగపీఠము వెలసెను. చంపినవాని కుమారుడైన రామానాయుడే అతని స్నేహమును మరువలేదు. గ్రంథకర్త తన నవలకు "సంగవిజయము" అని రెండవ పేరు పెట్టెను. వెంకటదాసుమీద ఆయనకు ప్రేమ లేకపోలేదు. అతని కథను అంత విపులముగా వ్రాసినవారు ఆయనే. కాని విజయమను మాటను తమ్మునికి ఇచ్చెను. అన్నను మన కన్నీళ్లకు అప్పగించెను. గ్రంథకర్త తీర్పు ఆ పేరులోనే యున్నదని మా తలంపు.

అయితే వెంకటదాసు మనకేమి కావలెను? అతడు సాక్షి. మన ఊరిలో, మన ఇంటిలో, మన సంఘములో జరిగిన అన్యాయమును గూర్చి న్యాయస్థానములో నిలువబడి చెప్పు సాక్షి. సాక్షి పరిశుద్ధుడై యుండనక్కరలేదు. అతని చేతులకు మురికి యున్నదని అతని సాక్ష్యమును త్రోసివేయు న్యాయాధిపతి తానే నేరములో పాలుపొందును.

తలిదండ్రులకు ఒక మాట. ఇట్టి పుస్తకము పిల్లవాని చేతిలో కనబడినప్పుడు లాగికొనవద్దు. 1923లో ప్రభుత్వము చేసినది అదే. కూలి ప్రశ్నకు జవాబు చెప్పుటకంటె పుస్తకమును మూయుట దానికి సులభమైనది. అయినను నూరేండ్లు దాటినను పుస్తకము నిలిచియున్నది, ఆ ప్రభుత్వము లేదు. మీరును చదివి, లేదా చదివించుకొని విని, "నీకు వెంకటదాసు ఎందుకు నచ్చెనురా?" అని అడుగుడి. వాని జవాబులో మీరెరుగని గాయమొకటి బయటపడవచ్చును. పట్నములో ఎవడో వాని కులమడిగి యుండవచ్చును, ఎక్కడనో వాని శ్రమకు తగిన ప్రతిఫలము దక్కకపోయి యుండవచ్చును.

యౌవనస్థులకును ఒక మాట. వెంకటదాసుకొరకు ఏడ్వుడి, అందులో సిగ్గులేదు. అతని కోపమునకు కారణమైన అన్యాయమును మరువకుడి. కాని ఆ కోపమును మీ పేరుతో, మీ ముఖముతో, పగటివేళ, అడుగవలసినవాని గుమ్మములో నిలిచి అడుగుడి. ఒంటరిగా అడుగవద్దు, పదిమందితో కలిసి అడుగుడి. అట్లు చేయువానిని చిన్నపిల్లలు వెంబడించినను తల్లులు భయపడనక్కరలేదు.

మన సంఘములలోను ఇల్లు విడిచి పోయిన కుమారులున్నారు. వారిని గూర్చి "వాడు చెడిపోయెను" అని పలుకుటకు మనకు తొందర. నవలకైతే చివరి పుట యున్నది. వెంకటదాసు కథ ముగిసినది, దానిని మార్చుట ఎవరివలనను కాదు. బ్రతికియున్న బిడ్డ కథకు ఇంకను పుటలున్నవి. వానిని వాని స్వంత పేరుతో పిలుచు ఇల్లు ఒకటి మిగిలియుండునట్లు చూచుట మన పని.