బరువెక్కిన చేతులు
చదువవలసిన భాగము: నిర్గమకాండము 17:8-13

మోషే చేతులు బరువెక్కగా అహరోనును హూరును వాటిని ఆదుకొనిరి. గర్భమందలి శిశువు ప్రాణమునుగూర్చి బోధింపవలసిన దినమున కాపరి చేతులును బరువెక్కును.

1995 మార్చి 25న పోపు రెండవ జాన్ పాల్, మానవ ప్రాణపు విలువనుగూర్చి వ్రాసిన లేఖలో గర్భవిచ్ఛిత్తిని ఘోరపాపమనెను. అయితే అదే లేఖలో, ఆ కార్యమునకు లోబడిన స్త్రీలు నిరీక్షణ విడువరాదని బతిమాలుకొనెను. జీవము కొరకు లోకమంతట గొప్ప ప్రార్థన జరుగవలెనని కోరెను. ప్రొటెస్టెంటు విశ్వాసి పోపు అధికారమును ఒప్పుకొనడు. ఆ ప్రార్థనను మాత్రము ఏల విడువవలెను?

ఆ దుఃఖమును ఎవరికిని చెప్పుకొనని తల్లి ఆదివారమున ముందు వరుసలోనే కూర్చుండవచ్చును. ఆమెను నలుగగొట్టక సత్యము పలుకుట కాపరికి స్వశక్తివలన కాదు. శనివారపు రాత్రి సంఘము ఆయన కొరకు మోకరింపవలెను.

ప్రార్థన: ప్రభువా, నీ సేవకుని నోట సత్యమును, హృదయమున కనికరమును ఉంచుము. ఆ తల్లిని ఆదరించుము. ఆమేన్.